బెంగళూరులో పనిచేసే మనవాళ్ళ కాగితాలు ఇప్పుడే సర్దిపెట్టడం ఎలా: రేషన్ నుంచి స్కూల్ దాకా

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్నని, పొద్దున్నే వచ్చి అంట్లు తోమి వెళ్ళే అక్కని, ఎదురుగా కడుతున్న బిల్డింగ్‌లో ఇటుకలు మోసే కుర్రాళ్ళని ఒకసారి ఏ ఊరని అడగండి. వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు అయితే కదిరి అనో ఆదోని అనో రాయచోటి అనో నారాయణపేట అనో చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. ఈ గైడ్ వాళ్ళ కోసమే, కానీ ఫోన్లో ఇంత పొడుగు చదివే తీరిక వాళ్ళకి ఉండదు, చదివేది మీరే, అందుకే మీకు చెప్తున్నా. ఒక్క కుటుంబాన్ని పట్టుకోండి చాలు, నాలుగు వారాల్లో చాలావరకు పని అయిపోతుంది.

ఎందుకు ఇప్పుడు అంటారా, 2020 గుర్తు తెచ్చుకోండి. మార్చి 24 రాత్రి 8 గంటలకి టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశం మొత్తం బంద్. మేస్త్రీ ఫోన్ ఎత్తడు, కూలి రాదు, బియ్యం కార్డేమో ఊళ్ళో ఉంది. మే 1 నుంచి వలస కూలీల్ని ఊళ్ళకి చేర్చే శ్రామిక్ రైళ్ళు మొదలైతే ఆ వారంలోనే కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో మీటింగ్ పెట్టుకుని రైళ్ళు అక్కర్లేదని రైల్వేకి రాసింది, అందరూ తిట్టాక రెండు రోజులకి మళ్ళీ సరే అంది. మొత్తం 1.04 కోట్ల మందికి పైగా సొంత రాష్ట్రాలకి వెళ్ళారని సెప్టెంబర్‌లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది, దార్లో ఎంతమంది పోయారని అడిగితే ఆ లెక్క మా దగ్గర లేదంది. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ సమాధానానికే. ఎవరు ఎక్కడున్నారో లెక్క లేనప్పుడు బియ్యం ఎక్కడికి పంపాలి, డబ్బులు ఏ అకౌంట్లో వెయ్యాలి?

ఆ దెబ్బ తర్వాత కొన్ని మంచి పనులు జరిగాయి, అది ఒప్పుకోవాలి. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, జూలై 31 లోపు అన్ని రాష్ట్రాలూ వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్, అంటే ఒకే కార్డుతో దేశంలో ఎక్కడైనా రేషన్ తీసుకునే పద్ధతి, అమలు చెయ్యాలని, అసంఘటిత కార్మికులకి ఒక పోర్టల్ పెట్టాలని. ఆ పోర్టలే ఈ-శ్రమ్, ఆగస్టు 26న మొదలైంది. కానీ వీటన్నిటికీ ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు కావాలి, మెషీన్ మీద పడే వేలిముద్ర కావాలి, పనిచేసే బ్యాంక్ అకౌంట్ కావాలి. ఈ మూడిట్లో ఒకటి తెగినా పైన ఉన్న పథకాలన్నీ కాగితం మీదే. ఇంకోటి గుర్తుపెట్టుకోండి, లాక్‌డౌన్‌లో ఆధార్ సెంటర్లు కూడా మూసేశారు. అంటే కష్టం వచ్చాక సరిచేసుకుందాం అంటే కుదరదు, అంతా మామూలుగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

సరే మొదలుపెడదాం.

ముందు ఫోన్ నంబరు. మనవాళ్ళ దగ్గర సిమ్ తరచుగా మారిపోతూ ఉంటుంది, రీచార్జ్ అయిపోతే కొత్తది తీసుకుంటారు, ఆధార్‌లో మాత్రం ఎప్పటిదో పాత నంబరు ఉంటుంది. మైఆధార్ సైట్‌లో మొబైల్ వెరిఫై చేసే ఆప్షన్ ఉంది, అందులో ఇప్పటి నంబరు కొట్టి చూడండి. మ్యాచ్ కాకపోతే ఆధార్ సేవా కేంద్రానికి ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసి తీసుకెళ్ళండి, రసీదు మీద ఎంత ఉంటే అంతే కట్టండి, పైసా ఎక్కువ వద్దు. అదే రోజు పెద్దవాళ్ళ వేలిముద్రలు కూడా అప్‌డేట్ చేయించేయండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకో కింద చెప్తా. పిల్లలకి 5 ఏళ్ళు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి బయోమెట్రిక్ తప్పనిసరి, అది చెయ్యక రేషన్ కార్డులో ఈకేవైసీ (ఆధార్ వేలిముద్రతో మనిషిని సరిచూసే పని) ఆగిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు, ఈకేవైసీ ఆగితే ఆ పేరు మీద బియ్యం ఆగిపోతుంది.

తర్వాత బ్యాంక్. ఇక్కడ ఎవరికీ తెలియని విషయం ఒకటి ఉంది. ప్రభుత్వం వేసే డబ్బులు చాలావరకు పాస్‌బుక్ చూపించిన అకౌంట్‌కి రావు, ఆధార్‌కి చివరిగా సీడింగ్ అయిన, అంటే జోడించిన, బ్యాంక్‌కి వెళ్తాయి. 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలలు ఆడవాళ్ళ జన్‌ధన్ అకౌంట్లలో నెలకి 500 వేశారు కదా, ఆ డబ్బు ఏ అకౌంట్‌లో ఉందో తెలీక అప్పట్లో ఎంతమంది తిరిగారో. మైఆధార్‌లోనే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీ కొడితే ఏ బ్యాంకో చూపిస్తుంది. ఆ అకౌంట్ రెండేళ్ళుగా ముట్టుకోకపోతే ఇన్‌ఆపరేటివ్ అయిపోయి ఉంటుంది, బ్రాంచికి వెళ్ళి కేవైసీ ఇచ్చి తిరిగి తెరిపించాలి, లేదా ఇక్కడ వాడుకునే అకౌంట్‌కి సీడింగ్ మార్పించాలి.

ఇప్పుడు రేషన్. దీని మీద ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఆకలి దగ్గరే అన్నీ మొదలవుతాయి, పైగా బెంగళూరులో తెలుగు కుటుంబాలు ఎక్కువ వదిలేసుకుంటున్నది దీన్నే. వన్ నేషన్ వన్ రేషన్ మొదట మొదలైందే మన రెండు రాష్ట్రాల మధ్య, 2019 ఆగస్టులో ఆంధ్రా తెలంగాణ ఒక జంట, మహారాష్ట్ర గుజరాత్ ఇంకో జంట. కర్ణాటక 2020 జనవరిలోనే చేరింది. అయినా చాలామందికి ఇక్కడి షాపులో తీసుకోవచ్చని తెలీదు, తెలిసినవాళ్ళని కూడా డీలర్ తిప్పి పంపేస్తాడు.

మొదట చూడాల్సింది కార్డు ఏ రకమో. మన రెండు రాష్ట్రాల్లోనూ తెల్ల కార్డులన్నీ ఒకటి కాదు. కొన్ని కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఉంటాయి, మిగతావాటికి రాష్ట్రమే సొంత డబ్బుతో బియ్యం ఇస్తుంది. బెంగళూరులో పనిచేసేది మొదటి రకం మాత్రమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కార్డు చూసి చెప్పలేరు. మేరా రేషన్ యాప్‌లో ఆధార్ నంబరు, ఓటీపీ కొట్టి చూడండి, పీహెచ్‌హెచ్ (మామూలు ఆహార భద్రత కార్డు) అనో ఏఏవై (మరీ పేదవాళ్ళకిచ్చే అంత్యోదయ కార్డు) అనో కనిపిస్తే మీ పని సగం అయినట్టే. కనిపించకపోతే వన్ నేషన్ వన్ రేషన్ హెల్ప్‌లైన్ 14445 కి కాల్ చేసి అడగండి. రాష్ట్రం కార్డే అని తేలితే ఇక్కడ డీలర్‌తో గొడవపడి లాభం లేదు, మెషీన్ తీసుకోదు. దీనికి మూలం ఎక్కడుందంటే దేశం మొత్తానికి 81.35 కోట్ల మంది అని ఒక పరిమితి ఉంది, అది 2011 జనాభా లెక్కలతో కట్టింది, 2021 లెక్కలు కోవిడ్ వల్ల ఆగాయి, ఇప్పుడు 2027 అంటున్నారు. అప్పటికి పుట్టని పిల్లలు, అప్పటికి పేదవాళ్ళు కానివాళ్ళు ఆ లెక్కలో ఎలా వస్తారు? నా దృష్టిలో కోవిడ్ తర్వాత మిగిలిపోయిన పెద్ద బాకీ ఇదే.

ఇక ఎంత వస్తుందో తెలుసుకోండి. పీహెచ్‌హెచ్ అయితే మనిషికి నెలకి 5 కిలోలు, ఏఏవై అయితే కుటుంబానికి 35 కిలోలు, 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం, రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. కర్ణాటక వాళ్ళకి అన్నభాగ్యలో ఇచ్చే అదనం మనకి రాదు, అలాగే మన రాష్ట్రంలో పైన ఇచ్చేవి ఇక్కడికి రావు, కేంద్రం వాటా మాత్రమే ఊరు దాటుతుంది. దీనికోసం ఊళ్ళో కార్డు వదులుకోవాల్సిన పని అస్సలు లేదు. అయిదుగురు ఉన్న కార్డు అనుకోండి, మొత్తం 25 కిలోలు, ఇక్కడున్న ఇద్దరూ 10 తీసుకుంటే ఊళ్ళో అమ్మానాన్నా బాబూ మిగతా 15 తీసుకోవచ్చు, నిబంధన అలాగే ఉంది. కానీ ఊళ్ళో డీలర్ ముందే మొత్తం 25 కొట్టేస్తే ఆ నెల ఇక్కడ సున్నా. అందుకే స్టాక్ వచ్చిన రోజున ఊరికి ఫోన్ చేసి, నాన్నా మా ఇద్దరిదీ వదిలెయ్, మీ ముగ్గురిదే తీసుకో అని చెప్పుకోవాలి. నెల దాటితే పోయినట్టే, తర్వాతి నెలకి కలపరు.

షాపు దగ్గర జరిగేది ఎలా ఉంటుందో చెప్తా. ఇళ్ళల్లో పనిచేసే ఒక పెద్దమ్మ, ధర్మవరం దగ్గర ఊరు, రోజంతా సబ్బు నీళ్ళల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్ళ కొసలు గాజులా నున్నగా అయిపోయాయి. మెషీన్ మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు, చూపుడు వేలు పెడితే ఎర్ర లైటు. వెనక లైన్‌లో వాళ్ళు గొణుగుతున్నారు, డీలర్ నాళె బన్ని నాళె బన్ని (రేపు రండి) అంటున్నాడు. పెద్దమ్మ సంచి మడిచి పక్కకి జరగబోయింది. అప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, చేతులు తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, నిదానంగా పది వేళ్ళూ ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. ఆవిడకి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. ఏ వేలు పడిందో గుర్తుపెట్టుకోమని చెప్పండి, ప్రతి నెలా ముందు అదే పెట్టాలి. బెస్ట్ ఫింగర్ అని మెషీన్‌లోనే ఒక ఆప్షన్ కూడా ఉంటుంది, అడగండి. కంటిపాపని చూసే ఐరిస్ స్కానర్ ఉన్న షాపులూ కొన్ని ఉన్నాయి. ఏ వేలూ పడకపోతే వేరే సభ్యుడి ముద్ర, కార్డులో పేరు ఉన్న ఎవరిదైనా సరిపోతుంది, కొడుకుని తీసుకెళ్ళండి. పైన ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించమన్నది ఇందుకే, సిమెంటు పనీ అంట్ల పనీ చేసే చేతుల్లో గీతలు అరిగిపోతాయి, ఎప్పుడో తీసిన ముద్ర ఇప్పుడు పడదు.

కార్డు ఒరిజినల్ చేతిలో లేకపోయినా పర్లేదు, కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ చాలు. డీలర్‌కి కన్నడలో చెప్పాల్సిన మాట నేర్పండి: అణ్ణా, ఇదు బేరే రాజ్యద కార్డు, వన్ నేషన్ వన్ రేషన్‌లి కొడి (అన్నా, ఇది వేరే రాష్ట్రం కార్డు, వన్ నేషన్ వన్ రేషన్‌లో ఇవ్వండి). ఆ మాట మర్యాదగా చెప్తే చాలాసార్లు పని అవుతుంది, ఎందుకంటే అందరూ కావాలని ఎగ్గొట్టరు, బయట రాష్ట్రం కార్డులు ఎక్కువ వచ్చే ఏరియాల్లో ఉన్న స్టాక్ లోకల్ కార్డులకి తగ్గిపోతుందేమోనని భయం వాళ్ళది. అందుకే నెలలో స్టాక్ దిగిన మొదటి రోజుల్లోనే వెళ్ళాలి, చివరి వారం వెళ్తే నిజంగానే ఉండదు. అయినా ఇవ్వకపోతే షాపు నంబరు ఫొటో తీసి, అక్కడే నిలబడి రేషన్ ఫిర్యాదుల నంబరు 1967 కి కాల్ చెయ్యండి. బియ్యం తీసుకున్నాక రసీదు అడిగి అందులో ఎన్ని కిలోలు పడిందో చదివి చూడండి, సంచిలో 8 పెట్టి రసీదులో 10 కొడితే ఊళ్ళో వాళ్ళ వాటా మీద దెబ్బ.

ఈకేవైసీ కోసం బస్సు ఎక్కి ఊరికి పోవాల్సిన పని లేదు, దేశంలో ఏ రేషన్ షాపులో అయినా చేయించుకోవచ్చు. పేరు చేర్చడం, విడగొట్టడం లాంటివాటికి మాత్రం ఆంధ్రా వాళ్ళు ఊళ్ళోని గ్రామ, వార్డు సచివాలయంతో మాట్లాడాలి, ఆంధ్రా ప్రభుత్వం నడిపే మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 లో కూడా కొన్ని సేవలు ఉన్నాయి, ముందు అందులో చూసి అప్పుడు ఊరికి ఫోన్ చెయ్యండి. ఇంకొకటి, సచివాలయం వాళ్ళు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌కి, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకోడానికి, వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే ఇక్కడ లేరని రాసుకునే ప్రమాదం ఉంది, పక్కింటివాళ్ళకి చెప్పి పెట్టుకోవాలి, పనికి వెళ్ళారు, పండక్కి వస్తారు, పేరు తీసెయ్యొద్దు అని.

ఈ-శ్రమ్ తేలిక, దాని మీద ఎక్కువ చెప్పను. 16 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉండాలి, పీఎఫ్ ఈఎస్ఐ ఉండకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టకూడదు. ఉచితం. ఫారంలో ఒక్క చోట మాత్రం జాగ్రత్త, ఇప్పుడున్న అడ్రసు, సొంతూరి అడ్రసు వేరే వేరే అడుగుతుంది, వలస కార్మికులా అని అడుగుతుంది. చాలామంది సైబర్ కేఫ్‌లో తొందరగా అయిపోవాలని రెండు చోట్లా ఊరి అడ్రసే కొట్టిస్తారు. అప్పుడు ప్రభుత్వం లెక్కలో ఆ మనిషి కదిరిలోనే ఉన్నట్టు. రేపు మళ్ళీ ఏదైనా వస్తే బెంగళూరులో ఎంతమందికి భోజనం పెట్టాలి అని లెక్క తీసేటప్పుడు ఆ మనిషి కనపడడు. అందుకే వర్తూరులో ఉంటే వర్తూరు అనే రాయించండి, వలస అని టిక్ పెట్టించండి, ఇల్లు మారితే అప్‌డేట్ చెయ్యండి. సందేహం ఉంటే 14434. ఈ కార్డు ఉంటే నెలనెలా డబ్బులు వస్తాయని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మొద్దు, అలాంటి లింకుల్లో ఓటీపీ ఇస్తే ఉన్నవి కూడా పోతాయి.

బిల్డింగ్ పనివాళ్ళు ఉంటే మాత్రం కర్ణాటక కట్టడ కార్మికుల బోర్డు కార్డు తప్పకుండా చేయించండి. 1996 చట్టం ప్రకారం ప్రతి పెద్ద కట్టడం మీద ఒక శాతం సెస్ వసూలు చేసి ఈ బోర్డుకి ఇస్తారు, అంటే మనవాళ్ళు కట్టిన బిల్డింగుల మీద వచ్చిన డబ్బే అది. 2020లో రాష్ట్రం కట్టడ కార్మికులకి మొదట 2,000 తర్వాత ఇంకో 3,000 ఇచ్చింది, రిజిస్టర్ అయినవాళ్ళకే. ఎండలో కాంక్రీట్ పోసి కూడా కార్డు లేనివాళ్ళకి పైసా రాలేదు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉండాలి, చట్టంలో ఎక్కడా కన్నడిగులకే అని లేదు. చిక్కంతా ఆ 90 రోజుల సర్టిఫికెట్ దగ్గరే. మేస్త్రీ సంతకం పెట్టడు, ఎందుకంటే పెడితే తను ఎవరెవర్ని పెట్టుకున్నాడో తేలిపోతుంది. మీలో సొంత ఇల్లు కట్టించుకుంటున్నవాళ్ళు ఉంటే ఈ ఒక్క పని చెయ్యండి, మీ ఇంటికి పనిచేసిన ప్రతి ఒక్కరికీ యజమానిగా మీరే సంతకం పెట్టివ్వండి. మేస్త్రీ రోజూ హాజరు రాసే నోట్‌బుక్ పేజీలు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోమని కూలీలకి చెప్పండి, తర్వాత కూలి ఎగ్గొట్టినా అదే సాక్ష్యం. అప్పటికీ కాకపోతే లేబర్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికో యూనియన్ దగ్గరికో వెళ్ళాలి. కార్డు వచ్చాక రెన్యువల్ తేదీ మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి, వాళ్ళు మర్చిపోతారు. పని చెయ్యనివాళ్ళకి డబ్బులు తీసుకుని ఈ కార్డులు చేయించే ఏజెంట్లు తిరుగుతుంటారు, వాళ్ళని దగ్గరికి రానివ్వకండి, వాళ్ళ వల్లే అసలైన కార్డులు కూడా తనిఖీల్లో ఇరుక్కుంటున్నాయి.

తోపుడు బండి ఉన్నవాళ్ళకి పీఎం స్వనిధి అప్పు ఉంది, 2020 జూన్‌లో కోవిడ్ కోసమే మొదలుపెట్టింది, 2030 మార్చి దాకా పొడిగించారు, మొదటి విడత ఇప్పుడు 15,000. వెండర్ ఐడీ గానీ సిఫారసు లెటర్ గానీ కార్పొరేషన్ నుంచి రావాలి. 2025 సెప్టెంబర్ నుంచి బెంగళూరు అంతటికీ ఒకటే ఉన్న కార్పొరేషన్ బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ వీధి ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో ముందు చూసుకోండి, లేదంటే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పుతారు.

ఆస్పత్రి సంగతి క్లుప్తంగా. ఆయుష్మాన్ కార్డు సొంత రాష్ట్రం దాటినా పనిచేస్తుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, కానీ పోర్టబిలిటీ ఉన్న, అంటే బయట రాష్ట్రం కార్డు తీసుకునే, ఆస్పత్రికే వెళ్ళాలి, చేరే ముందు 14555 కి ఫోన్ చేసి కనుక్కోవాలి. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులు ఇక్కడ ఎక్కడ చెల్లుతాయో ఊళ్ళో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి ఆ పేర్లు రాసిపెట్టుకోండి. రాత్రి రెండు గంటలకి ఒంట్లో బాలేనప్పుడు వెతుక్కునే పని పెట్టుకోకండి.

చివరిగా పిల్లలు. కోవిడ్‌లో స్కూళ్ళు మూతపడినప్పుడు ఊరికీ సిటీకీ మధ్య తిరిగి చదువు ఆపేసినవాళ్ళు కొందరు ఇప్పుడు సైట్లో షెడ్ల దగ్గర చెల్లెళ్ళని చూసుకుంటూ కనిపిస్తారు. టీసీ లేదు, ఆధార్‌లో పేరు తప్పుంది, అందుకే చేర్చుకోలేదు అంటారు అమ్మానాన్నా. విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా ఉంది, టీసీ ఆలస్యమైందని గానీ వయసు సర్టిఫికెట్ లేదని గానీ చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాలి. హెడ్‌మాస్టర్ కాదంటే వాదించకుండా అప్లికేషన్ రాసిచ్చి దాని కాపీ మీద సీల్ వేయించుకోండి, ఆ కాపీ పట్టుకుని బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకి వెళ్ళండి. కన్నడ రాదని భయపడితే మొదటి నాలుగైదు నెలలు సాయంత్రం ఒక గంట మీ అపార్ట్‌మెంట్ కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే వాలంటీర్లు కావాలి, తెలుగు చదవడం వచ్చిన పిల్లలకి కన్నడ లిపి తొందరగానే పడుతుంది. బడులు తెరవకముందే అడిగి పెట్టుకుంటే సీటు గొడవ ఉండదు.

వీటిల్లో ఎక్కడైనా ఆగిపోతే ఏ ఆఫీసు, ఏ తేదీ, ఏం అన్నారు అని రాసి పెట్టుకోండి. వార్డు కమిటీ మీటింగ్‌లో గానీ, లేబర్ ఆఫీసులో గానీ ఆ కాగితం పెట్టి మాట్లాడితే వినే తీరు వేరేగా ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకో ముగ్గురు కలిస్తే ఇంకా మంచిది, ఒకరు ఆధార్ స్లాట్లు, ఒకరు రేషన్ షాపు, ఒకరు బోర్డు ఆఫీసు చూసుకోవచ్చు. ముందుగా ఈ వారంలో మీ ఇంటికి వచ్చే అక్క ఫోన్ నంబరు ఆధార్‌కి లింకయిందో లేదో చూడండి, రెండు నిమిషాల పని.